పాతవాటిని పాతగానే ఉండనిద్దాం

సిడ్నీ శివారు రౌస్ హిల్‌లో కాపురం పెట్టిన తెలుగువాళ్ళకు ఇక్కడ పాతదంటూ ఏమీ కనిపించదు. మెట్రో రైలు వచ్చిందే 2019లో. చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ నిన్నగాక మొన్న లేచినవి. కానీ విండ్సర్ రోడ్డు పక్కన గుట్ట మీద రెండు వందల ఏళ్ళ నాటి రాతి మేడ ఒకటి ఉంది. ప్రభుత్వ పనుల పర్యవేక్షకుడు రిచర్డ్ రౌస్ 1813లో మొదలుపెట్టించాడు, 1818 నాటికి పూర్తయింది. ఆ నేల అంతకుముందు వేల ఏళ్ళుగా దారుగ్ జనానిది. ఆ ఇంట్లో ఒకే వంశం ఆరు తరాల పాటు బతికింది. 1978లో ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1999లో మ్యూజియంగా తెరిచారు.

లోపలికి వెళ్ళిన మనవాళ్ళు చాలామంది అనే మాట ఒకటే: "కాస్త రంగులైనా వేయించకూడదా!" గోడ కాగితాలు వెలిసిపోయాయి. బట్టలు పీలికలయ్యాయి. ఒక తరం కొన్న కుర్చీ పక్కనే ఇంకో తరం కొన్న సామాను. నాకు ఆ ఇంటి మీద గౌరవం కలిగింది సరిగ్గా అందుకే. దాన్ని 1818 నాటి రూపానికి తేవాలంటే తర్వాతి తరాలు తెచ్చుకున్నవన్నీ బయట పారేయాలి. అలా చేస్తే రౌస్ ఒక్కడి ఇల్లు మిగిలేది, మిగతా ఐదు తరాలూ మాయమయ్యేవి. అందుకే కుటుంబం వదిలి వెళ్ళినది వదిలినట్టే ఉంచి, ఇంకా పాడవకుండా మాత్రం కాపాడుతున్నారు. పాత కట్టడాల సంరక్షణకు ఆస్ట్రేలియా నిపుణులు 1979లో దక్షిణ ఆస్ట్రేలియాలోని బర్రా అనే ఊళ్ళో ఒప్పుకున్న నియమావళి సారాంశం కూడా ఇదే. అవసరమైనంత పని చేయాలి, అంతకు మించి చెయ్యి పెట్టకూడదు.

ఈ నియమం మన ఇళ్ళకూ రావాలని నా కోరిక. మన ఇత్తడి సామాను సంగతే చూడండి. బిందె మెడ దగ్గరో, చెంబు అంచునో ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలుంటాయి. ఎవరి పెళ్ళికి ఎవరు ఇచ్చారు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నీ అక్కడే ఉంటాయి. చాలా ఇళ్ళలో ముత్తవ్వ పేరు రాతలో మిగిలింది ఆ చుక్కల్లోనే. అలాంటి సామానును తళతళలాడించాలని బఫింగ్ మిషన్‌కి ఇస్తారు. మిషన్ మెరుగు ఇస్తూనే పైపొరను తీసుకుపోతుంది. మా వీధిలో ఒకావిడ సంబరంగా చూపించిన మరచెంబు కొత్త దానిలా మెరుస్తోంది. "పేరుండేది కదమ్మా?" అని అడిగితే వేలితో తడిమి చూసుకుని ఊరుకుంది.

చింతపండు, ఉప్పు పెట్టి తోమడం మన అలవాటు. వాడుకునే గిన్నెకు పరవాలేదు. దాచుకునే పాత వస్తువుకు మాత్రం వద్దు. పులుపు ఇత్తడిలోని జింకును లాగేస్తే రాగి ఛాయ ఎర్రగా తేలుతుంది. ఉప్పు సందుల్లో మిగిలిపోతే పచ్చగా చిలుము పట్టి లోహాన్ని తింటుంది. మెత్తటి బట్ట, గోరువెచ్చని నీళ్ళు, కాస్త సబ్బు, వెంటనే తడి లేకుండా తుడవడం చాలు. వండుకునే పాత్ర అయితే లోపల కళాయి పెట్టించాల్సిందే. నిప్పుల మీద కాచి, నవాసాగరం చల్లి, తగరం పూసి, దూదితో తిప్పే ఆ పని మన ఊళ్ళలోనూ అరుదైపోయింది. చేసేవాళ్ళు దొరికితే అడిగినంత ఇచ్చి చేయించండి.

చెక్క సామానుది ఇంకో కథ. గోదావరి గాలికి అలవాటుపడిన టేకు పెట్టె రౌస్ హిల్‌లో నలభై డిగ్రీల పొడి ఎండకు కుంచించుకుపోతుంది, అతుకులు విడుస్తాయి. వెంటనే ఎపాక్సీ జిగురు పోసి అతికిస్తారు. పాత వడ్రంగులు తోలుతో కాచిన బంక వాడేవారు. వేడి, తడి తగిలితే అది వదులుతుంది కాబట్టి ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ విప్పి బాగుచేయొచ్చు. ఎపాక్సీ వేస్తే తర్వాతివాడు చెక్కను చీల్చాలి. మన తర్వాత ఇంకొకడు ఇదే పని చేయాల్సి వస్తుందని గుర్తుపెట్టుకున్నదే మంచి మరమ్మతు అని నా అభిప్రాయం. మూతకు పెచ్చు లేస్తే లేవనివ్వండి, శాండ్ పేపర్ మాత్రం పట్టకండి. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర పెట్టకండి.

వెండి విషయంలో మనకు జాలి బొత్తిగా లేదు. పాతది కరిగించి కొత్త డిజైన్ చేయించడాన్ని లాభం కిందే లెక్కేస్తాం. బరువు మిగులుతుంది, అమ్మమ్మ చేతి గుర్తు పోతుంది.

ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు అటక మీది సామాను దించండి. చుక్కల అక్షరాలు చదివి ఫోటో తీయండి. ఎవరిది, ఎప్పటిది అని పెద్దవాళ్ళుండగానే అడిగి రాసుకోండి. పాలిష్ సంగతి ఆ తర్వాత ఆలోచించవచ్చు.