కారుకెన్ని నోళ్లు?

కార్బురేటరు అన్న మాట చూడగానే పేజీ తిప్పేయకండి. ఇదీ ఒకరకంగా వంటింటి విషయమే. తూకంలో సుమారు 15 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు కలిపి ఇంజనుకు వడ్డించడం దాని పని. పెట్రోలు ఎక్కువైతే బండి నల్లటి పొగ కక్కుతుంది. తక్కువైతే నీరసపడి ఆగిపోతుంది. పులిహోరలో పులుపులాంటిదన్నమాట! ఇప్పటి కార్లలో ఈ కొలతంతా కంప్యూటరు చూసుకుంటుంది. పాత కార్లలో మాత్రం మనిషే చూసుకోవాలి.

మా తమ్ముడు బర్మింగ్‌హామ్‌లో డాక్టరు. రెండేళ్ల క్రితం 1967 నాటి ఎం.జి.బి. స్పోర్ట్సు కారొకటి కొన్నాడు. 1962 నుంచి 1980 దాకా ఆబింగ్డన్ అనే ఊళ్లో తయారైన బండి. మనకు దూరపు చుట్టం కూడాను. మన పాత అంబాసిడర్ 1489 సి.సి. ఇంజనూ, దీని 1798 సి.సి. ఇంజనూ ఒకే వంశానివి. అంబాసిడర్‌కి ఒక కార్బురేటరు, దీనికి రెండు. అంతే తేడా అనుకోండి.

పోయిన వేసవిలో నేను వెళ్లేసరికి ఇంట్లో ఆ రెంటి మీదే చర్చ.

“ఈ ఎస్.యు.లు పీకేసి రెండు వెబర్లు పెడతానక్కా. ఒక్కోదానికి రెండేసి నోళ్లు. సిలిండరుకొకటి!” అన్నాడు తమ్ముడు.

మరదలు మాట్లాడకుండా చపాతీలు వత్తుతోంది. ఆ వత్తడంలోనే ఆమె పక్షమేదో తెలిసిపోయింది. తర్వాత నాతో అంది: “సగం డబ్బు నా జీతంలోదే వదినా. ఇద్దరం నడుపుదామన్నారు. ఇప్పుడేమో బజారు రోడ్డు మీద నడవని బండిని చేస్తానంటున్నారు.”

నవల రాసే ముందు పాత్రల పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోవడం నా అలవాటు. ఇక్కడా అదే చేశాను.

ఎస్.యు. అంటే స్కిన్నర్స్ యూనియన్. చెప్పుల వ్యాపారం చేసే కుటుంబంలోని స్కిన్నర్ సోదరులు 1910లో ఆ కంపెనీ పెట్టారు. తొలి కార్బురేటర్లలో తోలుతిత్తి ఉండేది. ఇంటి సరుకే కదా! తర్వాత దాని స్థానంలో పిస్టన్ వచ్చింది. ఇంజను ఎంత గాలి పీలిస్తే పిస్టన్ అంత పైకి లేస్తుంది. దాని అడుగునున్న సూది అందుకు తగ్గ పెట్రోలు వదులుతుంది. అడిగినవాళ్లకు అడిగినంత వడ్డించే ఇల్లాలనుకోండి.

వెబర్ ఇటలీది. 1923లో బొలోన్యాలో ఎడోర్డో వెబర్ మొదలుపెట్టాడు. ఫెరారీ 12 సిలిండర్ల పందెం కార్లలో ఇవి ఆరేసి ఉండేవి. వీటిలో గొంతు కొలతా, జెట్ల కొలతలూ మనమే ముందుగా లెక్కచూసి బిగించాలి. ఇది పెళ్లివంటవాడి బాపతు. వెయ్యిమందికి దివ్యంగా వండుతాడు. ఇద్దరికి ఉప్మా చెయ్యమంటేనే ఇబ్బంది.

అసలు చిక్కు ఇంజనులోనే ఉంది. ఎం.జి.బి.కి సిలిండర్లు నాలుగైనా, గాలి లోపలికి పోయే దారులు రెండే. జంటకొకటి. రెండు దారులకు నాలుగు నోళ్లు పెట్టి ఏం లాభం? ఆ సరదా తీరాలంటే పైనున్న హెడ్డంతా మార్చాలి. లేదా రెండు నోళ్ల వెబర్ ఒక్కటే పెట్టుకోవచ్చు. కానీ దాని గొప్పతనం ఇంజను జోరుగా తిరిగినప్పుడే తెలుస్తుంది.

“నీ బండి పందేలకు వెడుతుందట్రా?”

“లేదక్కా.”

“మరి నాలుగు నోళ్లెందుకు?”

వాడు కాసేపు ఊరుకుని, “ఫొటోల్లో చూస్తే ఎంత బావుంటాయో!” అన్నాడు. పట్టుచీర కొనేటప్పుడు మనం చెప్పుకునే కారణం ఇంతకంటే గట్టిదేం కాదు గనక నవ్వలేకపోయాను.

ఇంతకీ బండి సరిగా నడవడం లేదన్నది మాత్రం నిజం. ఒక ముసలి మెకానిక్కు వచ్చి చూశాడు. కార్బురేటర్లలో గాలి తలుపు తిరిగే స్పిండిళ్లు అరిగి, పక్క సందుల్లోంచి దొంగగాలి పోతోందట. అలాంటప్పుడు రెండూ సమంగా పీల్చవు. సమంగా పీల్చని రెండుకన్నా ఒకటే నయమన్నాడాయన. కొత్త స్పిండిళ్లు, బుష్‌లు వేశాడు. వెబర్ల ఖర్చులో అదొక మూల!

తర్వాత రబ్బరు గొట్టమొకటి తీశాడు. ఒక కొస చెవి దగ్గర, రెండోది కార్బురేటరు నోటి దగ్గర పెట్టి బుస వినాలి. రెండింటి బుసా ఒక్కలా ఉండాలి. తమ్ముడు రెండుసార్లు విని, రెండుసార్లూ “ఒకటేగా” అన్నాడు. మరదలు గొట్టం అందుకుంది. పదేళ్లు వీణ నేర్చుకున్న చెవి అది.

“వెనకది కాస్త ఎక్కువ పలుకుతోంది” అంది.

ముసలాయన మర వెంట్రుకవాసి తిప్పాడు. ఇంజను గొంతు సర్దుకుంది. తమ్ముడు భార్య ముఖంలోకి చూసిన చూపులో కొంచెం ఆశ్చర్యం, కొంచెం గర్వం. ఇక వెబర్ మాటెత్తలేదు. జేబులోంచి తాళం తీసి ఆమె చేతిలో పెట్టి, తను ఎడమవైపు సీట్లో కూర్చున్నాడు.

నేనూ ఎక్కుదామనే చూశాను. తీరా చూస్తే ఆ బండికి ఉన్నవి రెండే సీట్లు!