రాతిలో గుంటలు, నేలపై సింహము

కృష్ణా డెల్టాలో పుట్టినవానికి రాయి గుడిలో కనబడవలసినదే కాని నేలలో కనబడదు. కూచిపూడిలో నుయ్యి త్రవ్వినచో నల్లమట్టియు, ఇసుకయు, నీరును తగులునుగాని రాయి తగిలినదని చెప్పినవారిని నే నెరుగను. మా రామలింగేశ్వరస్వామి గుడిమెట్లు మొదలుకొని మా పెరటిలోని రుబ్బురోలు వరకు ఊళ్ళోని ప్రతి రాయియు ఎక్కడినుండియో బండి యెక్కియో, కాలువలో పడవ యెక్కియో వచ్చినదే. అట్టి యూరివాడనైన నేను ఇంగ్లండులోని యార్కుషైరులో, ఇల్‌క్లీ పట్టణమునకు ఎగువనున్న రోంబాల్డ్స్ మూర్ అను చెట్టులేని బీడుమీద, అక్టోబరు ఈదురుగాలిలో, తడిసిన హెదర్ పొదల నడుమ మోకాళ్ళపై కూర్చుండి, ఒక బండరాతి ముఖమును గంటలతరబడి పరిశీలించుచుండుటను చూచినచో మా పెద్దలేమందురో యని నాకే నవ్వు వచ్చెడిది.

ఆ రాతిజాతి పేరును తెనిగించినచో తిరగలిరాయి యగును. పూర్వము దానితో అక్కడివారు తిరగళ్ళు మలచుకొనెడివారట. నవీనశిలాయుగపు చివరనో, కంచుయుగపు తొలినాళ్ళలోనో, అచ్చటి జనులు లోహపుటులితో కాక రాతితో రాతిని పొడిచి పొడిచి, ప్రమిదలంతేసి గుంటలను దానిపై తొలిచిరి. కొన్ని గుంటలు ఒంటరివి. కొన్నింటికి మాత్రము ముగ్గులో చుక్కచుట్టును గీత త్రిప్పినట్లు వలయములు కలవు. ఎందులకు తొలిచిరన్న ప్రశ్నకు పండితులు చెప్పిన సమాధానములు ఆ గుంటలకంటె ఎక్కువ.

2010 మొదలు 2013 వరకు ఆ బీడుమీది శిలలను స్థానికులైన స్వచ్ఛందసేవకులకు శిక్షణ నిచ్చి నమోదు చేయించిరి. నేను ఆ పనిని నేర్చినది అటుతరువాత, నాకంటె ఇరువదియేండ్లు పెద్దయైన ఒక విశ్రాంత ఉపాధ్యాయిని వద్ద. ఆమె నేర్పినదంతయు చేయరాని పనులే: సుద్దతో గుంటను నింపరాదు, పాచిని గీకరాదు, కాగితమును పరచి రుద్దరాదు, బ్రష్షుతో తోమరాదు. చేయవలసినది యల్లా కొలబద్దను ప్రక్కనుంచి, ఉత్తరదిక్కును గుర్తించి, రాతిచుట్టును తిరుగుచు ఒకదానిపై నొకటి కొంత కప్పునట్లు పదులకొలది ఛాయాచిత్రములను తీయుట. వానినుండి కంప్యూటరు ఆ శిల నిమ్నోన్నతములను తిరిగి నిర్మించును. అన్నింటికంటె కష్టమైనది నిరీక్షణము. నడినెత్తిని వెలుగున్నంతసేపు ఆ బండ ఒట్టి బండయే. శీతకాలపు సూర్యుడు మధ్యాహ్నము మూడుగంటలవేళ క్షితిజమునకు దిగి కిరణములను ఏటవాలుగా పరపినపుడు మాత్రము, ప్రతి గుంటయు నీడతో నిండి, ఒక్కటొక్కటిగా పైకి వచ్చును. మొదటి రాతిపై నేను పదునేడు లెక్కించితిని. ఆమె పదునైదే యనెను. నావి రెండు వానకు అరిగిన సహజపు గుంటలని, అంచుల మీద పొడిచిన గుర్తు లేదని, వ్రేలితో తడిమి చూపించెను. పత్రములో "అభిప్రాయము" అను గడి యున్నది. దానిని ఖాళీగా విడుచుటయే మర్యాద యని కూడ ఆమెయే చెప్పెను.

ఆ రాత్రి అమ్మకు ఫోనులో ఈ సంగతి చెప్పగా, "వామనగుంటలేమో నాన్నా! పద్నాలుగుండాలే, లెక్క సరిగ్గా చూశావా?" అన్నది. ఒకటి ఎక్కువైనదంటిని. "అయితే నువ్వే తప్పు లెక్కపెట్టుంటావు" అని తేల్చివేసినది.

మనవారెవరైన ఇల్‌క్లీకి వచ్చినచో మొదట స్వస్తికశిలను చూపుమందురు. చూపింతును. ఇనుపకమ్మీల లోపల ముందరగా స్పష్టముగా కనబడునది నకలు. అసలుది దానివెనుక అరిగియున్నది. అందరును నకలునే ఫోటో తీసికొందురు. వంపులు తిరిగిన ఆ రూపమునకు దగ్గరి చుట్టము ఇటలీలోని వాల్‌కమోనికా శిలలమీది పుష్పాకృతియే కాని మన గుమ్మముమీది స్వస్తికము కాదని చెప్పిచూచితిని, ప్రయోజనము లేకపోయినది.

విడిచిపెట్టవలసిన ఆ గడిలో నాకు వ్రాయవలెనని బుద్ధిపుట్టిన మాట ఒకటి కలదు. మా ఊరి కళలో సింహనందిని యను చిత్రనాట్యమున్నది. మరుగుపడిన దానిని సి. ఆర్. ఆచార్యులుగారు మరల వెలుగులోనికి తెచ్చిరి. నర్తకి రంగుపొడి చల్లిన నేలపై తాళమునకు పాదములు వేయుచు పోగా, ఆటముగియు సరికి నేలమీద సింహము రూపుకట్టును. చూచువారికి సింహము మిగులును; ఆడినదానికి మిగులునది తాళము. ఆ బీడుమీద, ఒక గుంటకై రాతిమీద రాయి ఎన్నివేలసార్లు పడవలెనో ఊహించుకొనునప్పుడు, ఆ జనులకు కావలసినది గుంటయా, ఆ దెబ్బల మ్రోతయా యని నాకు సందేహము కలిగెడిది. మనము కొలుచుచున్నది ముగిసిన ఆటయొక్క నేలయేమో.

ఈ ఊహకు నేను మురిసిపోవుచుండగా ముడుమాల సంగతి తెలిసినది. నారాయణపేట జిల్లాలో, మా కృష్ణ యొడ్డుననే, మనిషికి రెండింతల యెత్తున నిలువురాళ్ళున్నవి. ఊరివారు నిలురాళ్ళ తిమ్మప్ప యని పిలుతురు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరినవి. అచ్చటి ఒక పలకబండపై గుంటలు సప్తర్షిమండలముగా అమరియున్నవని హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన ఆచార్య కె. పుల్లారావుగారు ఏండ్లతరబడి పరిశోధించి చెప్పిరి. అట్లయినచో అక్కడ మిగిలినది తాళము కాదు, పటమే. అక్కడికి సమీపముననే, సురపురమున, లివర్‌పూలులో పుట్టిన మెడోస్ టేలర్ పందొమ్మిదవ శతాబ్ది నడుమ రాతిగూళ్ళను కొలిచి, తన దేశపువానితో పోల్చెను. ఆయన మా నదివంక వచ్చి కొలిచెను. నేను ఆయన దేశమునకు పోయి కొలిచితిని. మా నది నా చేత ఏమియు కొలిపించుకొనలేదు.

సెలవులకు వచ్చినప్పుడు ముడుమాలకు పోతిని. సాయంకాలము ఎండ వాలువరకు ఆ పలకబండచెంత కూర్చుంటిని. యార్కుషైరులో నేర్చిన అలవాటుకొలది, తాకకుండ, కొలబద్దను ప్రక్కనుంచి, లెక్కించుచుంటిని. మేకలు తోలుకొని పోవుచున్న ఒక ముసలాయన ఆగి, "ఏం లెక్క వెడుతున్నవ్ సారూ?" అనెను. గుంటలంటిని. "జర సేపుంటే పైన గూడ లెక్క వెట్టొచ్చు" అని ఆకాశమువంక గడ్డము ఎత్తి చూపి, మేకల వెంబడి సాగిపోయెను.

రాయచూరులో బండి యందుకొనవలసి యున్నందున, చీకటిపడువరకు నే నక్కడ ఉండలేకపోతిని.