గట్టు మోసేంత ఇల్లు

చలిమంట దగ్గరికి జరగండి, కుర్చీ ఇలా లాక్కోండి. సంక్రాంతి సెలవుల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి మాట్లాడుకుందాం. ఈమధ్య రాజమండ్రిలో ఏ ఇంటికి వెళ్లినా కారవాన్ కబుర్లే వినిపిస్తున్నాయి. పిల్లలు ఫోన్లో వీడియోలు చూపిస్తారు. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎల్లోస్టోన్ వెళ్లినప్పుడు అద్దెకు తీసుకున్న బండి ఫొటోలు పంపిస్తారు. మనకీ అలాంటిదొకటి ఉంటే ఇంటిల్లిపాదీ కోనసీమంతా తిరిగి రావచ్చు కదా అని అడుగుతారు. రావచ్చండీ. పిల్లలకి గోదావరిని చూపించడానికి అంతకంటే మంచి దారి నాకు తోచదు. అయితే ఏ బండి కొనాలన్న దగ్గర మాత్రం నాదొక్కటే పట్టు: తేలికగా ఉండాలి. మీరు అనుకునేదానికన్నా తేలికగా ఉండాలి.

మన జిల్లాల్లో కారవాన్ అనగానే సినిమా షూటింగులకు వచ్చే బండి కళ్ల ముందుకొస్తుంది. బస్సంత ఒళ్లు, లోపల ఏసీ, పక్కనే జనరేటరు. అది ఒకచోట రోజంతా నిలబడడానికి కట్టిన బండి. మనం వెళ్లాల్సింది ర్యాలి, ద్రాక్షారామం, కోటిపల్లి, అంతర్వేది. హైవే దిగగానే మన దారులన్నీ కాలువ గట్లే. ఆ గట్లు ఎందుకు పోశారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. దాని కింద తవ్విన కాలువలు పొలాలకు నీళ్లిస్తూనే పడవలకు దారి కూడా అయ్యాయి. లాకులు కట్టింది అందుకే. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగేవారు. అంటే ఆ గట్టు మనిషి కాళ్ల కోసం పోసిన మట్టి. దాని మీద తారు పోసినా అడుగున ఉన్నది చాలాచోట్ల బంకమట్టే. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అంచున బరువు చక్రం పడితే జారుతుంది.

వెడల్పు సంగతీ చూడండి. ఒంటి వరస రోడ్డుకి మన దేశంలో పెట్టుకున్న కొలత 3.75 మీటర్లు. యూరప్‌లో కార్లు లాగే కారవాన్లు చాలావరకు 2.2 మీటర్ల పైన ఉంటాయి. ఎదురుగా ధాన్యం లారీ వచ్చిందంటే రెండింటికీ చోటు చాలదు. వెనక్కి వెళ్లాల్సింది మీరే. వెనక ఇలాంటి తోకబండి తగిలించిన కారుని, ఒకపక్క కాలువ, మరోపక్క బోదె ఉన్న గట్టు మీద వెనక్కి తీసుకెళ్లడం చెయ్యి తిరిగిన డ్రైవరుకి కూడా కష్టం. అందుకే మొదటి కొలత ఇది: వెనక లాగే బండి మీ కారు కంటే వెడల్పుగా ఉండకూడదు.

బరువు విషయంలో మన పెద్దలకు తెలిసిందే ఇవాళ ఇంజనీర్లు అంకెల్లో చెబుతున్నారు. తీర్థాలకు గూడుబండ్లు కట్టుకుని వెళ్లిన రోజుల్లో, బండి తోలే మనిషి ఎవరు ముందు కూర్చోవాలో, బియ్యం బస్తా ఎక్కడ పెట్టాలో తనే చెప్పేవాడు. బరువంతా ఇరుసు మీద పడి, కాడి ఎద్దుల మెడ మీద కొంచెం మాత్రం ఆనాలి. వెనక బరువైతే కాడి పైకి లేస్తుంది. ముందు బరువైతే ఎద్దుల మెడలు కమిలిపోతాయి. కారు వెనక లాగే కారవాన్‌కీ ఇదే సూత్రం. బండి మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం కారు కొక్కెం మీద ఆనాలి. 700 కిలోల బండైతే 35 నుంచి 49 కిలోలన్నమాట. అంతకంటే తగ్గితే వేగం అందుకోగానే బండి పాములా ఊగడం మొదలుపెడుతుంది. కాబట్టి నీళ్ల డబ్బాలు, బ్యాటరీ, బరువైన సామానంతా నేలకి దగ్గరగా, ఇరుసు మీద సర్దాలి. వెనక మూలన ఏదీ వేలాడకూడదు.

ఈ బరువు గొడవ కొత్తది కాదు. షికారు కోసం కట్టిన కారవాన్లలో మొదటిదిగా చెప్పేది 1885 నాటి వాండరర్. గోర్డన్ స్టేబుల్స్ అనే స్కాట్లండ్ వైద్యుడు కట్టించుకున్నాడు. దాని బరువు రెండు టన్నులు, లాగినవి రెండు గుర్రాలు. ఏటవాలు దారుల్లో వాటికి పట్టిన చెమట ఊహించుకోండి. జర్మనీలో డెత్‌లెఫ్స్ అనే వ్యాపారి 1931లో చిన్న బండి కట్టాడు. పని మీద ఊళ్లు తిరుగుతుంటే భార్యకు దూరమవుతున్నానని, ఆమెను వెంట తీసుకెళ్లడానికి కట్టాడు. కారు లాగాలి కాబట్టి చిన్నగా ఉండక తప్పలేదు. కుటుంబం కలిసి ఉండటానికి పుట్టిన బండి అది. మనకి కావలసిందీ అదే కదండీ.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. బ్రిటన్‌లో కొత్తగా కారవాన్ లాగేవారికి ఇచ్చే సలహా ఏమిటంటే, సామానుతో కలిపి దాని బరువు కారు ఖాళీ బరువులో 85 శాతం దాటకూడదని. 1600 కిలోల కారుకి అది 1360 కిలోలు అవుతుంది. అక్కడి రోడ్లకి సరే. మన గట్లకి అందులో సగం, 700 కిలోల దాకా, చాలంటాను. తోకబండికి సొంత బ్రేకులు ఉండాలి. ముందుగా మీ కారుతో వచ్చిన పుస్తకం తిరగేసి, ఎంత బరువు లాగవచ్చో రాశారేమో చూడండి. రాయకపోతే లాగించే ఆలోచన మానేసి చిన్న వ్యాన్ వైపు చూడండి. ఉన్న వ్యాన్‌ని కోసి మంచాలు బిగించేద్దామనుకుంటే ఆగండి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం బండి రూపం ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. కారవాన్లకి ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణం ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టే షెడ్డుకి వెళ్లే ముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి.

షెడ్డులో మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న చెక్క గురించి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఎనిమిదడుగుల షీటు ఒక్కటి 30 కిలోల పైమాటే. ఇంట్లో అల్మరాలకు వాడినట్టు వాడితే పది షీట్లకే 300 కిలోలు. లోపలి అరలకి 6 మిల్లీమీటర్లది వాడితే అందులో మూడో వంతు సరిపోతుంది. తలుపులకి బదులు గుడ్డ తెరలు వేయించండి. చట్రానికి ఇనుము తప్పదు, పైకప్పుకి మాత్రం అల్యూమినియం అడగండి. అంతే పరిమాణానికి అది ఇనుములో మూడో వంతు బరువు.

ఇక లోపల ఏం పెట్టుకోవాలి? ఇక్కడే నా అసలు మాట ఉంది. మన డెల్టాలో సగం ఇల్లు ఊళ్లోనే ఉంటుంది. తెల్లారేసరికి ఏ సెంటరులోనైనా వేడివేడి ఇడ్లీ, పెసరట్టు దొరుకుతాయి. అంబాజీపేటలో పొట్టిక్కలు తినకుండా బండిలో బ్రెడ్డు కాల్చుకోవడం ఎందుకు? తాపేశ్వరంలో కాజా, ఆత్రేయపురంలో పూతరేకులు ఉండనే ఉన్నాయి. గుళ్ల దగ్గర సత్రాలున్నాయి. ఊరూరా 20 లీటర్ల మంచినీళ్ల డబ్బా దొరుకుతుంది. అలాంటప్పుడు వంద లీటర్ల ట్యాంకు, అంటే వంద కిలోల బరువు, రోజంతా ఎందుకు మోయాలి? రెండు డబ్బాలు చాలు. పాలు కాచుకోవడానికి ఒంటి పొయ్యి, 5 కిలోల చిన్న సిలిండరు చాలు. పొయ్యి బండి బయట వెలిగించండి, లోపల పడుకునేటప్పుడు సిలిండరు కట్టేయండి.

ఏసీ కావాలని పిల్లలు అడుగుతారు. చిన్న లెక్క చెప్పండి వాళ్లకి. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో ఉండే కరెంటు యూనిటుకి కొంచెం ఎక్కువ. ఏసీ దాన్ని గంటలో తాగేస్తుంది. 28 వాట్ల ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగినా సగం కూడా అవదు. ఆ బ్యాటరీ పన్నెండు కిలోల చుట్టుపక్కలే ఉంటుంది. ఇన్వర్టర్‌కి వాడే పెద్ద సీసం బ్యాటరీ యాభై కిలోలకి తక్కువ ఉండదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్తే ఫ్యాన్ కూడా ఒక్కోసారి అక్కర్లేదు. దోమతెర మాత్రం ప్రతి కిటికీకీ ఉండి తీరాలి. రాత్రి బస మామిడిచెట్టు కింద పెట్టుకోండి. కొబ్బరిచెట్టు కింద ఎప్పుడూ వద్దు, కాయ రాలితే పైకప్పే కాదు, తలలూ పగులుతాయి.

బరువైనా సరే పెట్టుకోవలసినవి రెండున్నాయి. ఇంట్లో నాయనమ్మో అమ్మమ్మో ఉంటే కూర్చునే రకం చిన్న టాయిలెట్, గట్టి మెట్టు. మోకాళ్ల నొప్పులతో ఉన్న పెద్దావిడ, రాత్రిపూట ఎక్కడికి వెళ్లాలోనన్న బెంగతోనే ప్రయాణం మానుకుంటుంది. ఆవిడ రాకపోతే కోటిపల్లి రేవు కథలు పిల్లలకి ఎవరు చెబుతారు? చెక్కలో, నీళ్లలో, బ్యాటరీలో మిగిలించిన కిలోలు ఇక్కడ ఖర్చు పెట్టండి.

రేవుల సంగతి కూడా చెప్పాలి. కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం, నరసాపురం నుంచి సఖినేటిపల్లి దాటడానికి పంటులున్నాయి. పంటు మీద గోదావరి దాటడం పిల్లలు జన్మలో మర్చిపోరు. రేవులో దిగుడు ఏటవాలుగా ఉంటుంది, కొక్కెం కిందకి ఉంటే ఇసుకలో గీసుకుంటుంది. బండి కొనేటప్పుడే నేల నుంచి కొక్కేనికి, వెనక అంచుకి ఎంత ఎత్తుందో కొలవండి. వరద రోజుల్లో పంటులు ఆపేస్తారు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి కాబట్టి ఇప్పటినుంచే ఇవన్నీ చూసుకోవడం మంచిది. 2015లో పుష్కరాలు జూలైలో వచ్చాయి, వానల్లో గట్టు దిగితే చక్రం కూరుకుపోతుంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికైనా, భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవానికైనా బండిని రెండు మూడు ఊళ్ల ముందే ఆపుకుని కారులో వెళ్లండి. తోకబండితో ఉన్న సుఖం అదే.

కొన్నాక ఒక పని చేయండి. మీ ఊరి రైస్‌మిల్లు దగ్గర ధాన్యం లారీలు తూచే కాటా ఉంటుంది. పరుపులు, నీళ్లు, బట్టలు అన్నీ సర్దుకుని, బండిని ఆ కాటా మీదకి ఎక్కించండి. అనుకున్న అంకె దాటితే అక్కడే దింపడం మొదలుపెట్టండి. కాటా చీటీ బండిలోనే దాచుకోండి, ప్రతి ప్రయాణానికీ పనికొస్తుంది.

ఊరు మనకి సగం ఇల్లు ఇస్తుందన్నాను. ఊరికి మనం ఇవ్వాల్సింది కూడా ఒకటుంది. గట్టు పక్కన పారే ఆ నీళ్లే మన పల్లెల మంచినీళ్ల చెరువులు నింపుతాయి. వేసవిలో కాలువలు కట్టేశాక ఆ చెరువు నీళ్లే జనానికి దిక్కు. గిన్నెలు కడిగిన నీళ్లు, టాయిలెట్ డబ్బా కాలువలో ఒంపకండి. మూత బిగించి తీసుకెళ్లి, సత్రం టాయిలెట్‌లోనో పెట్రోలు బంకు టాయిలెట్‌లోనో అడిగి పారబోయండి. బండిలో ఆ డబ్బాకి పెట్టే చోటు కొనే రోజునే చూసుకోవాలి. ఆ ఒక్క బరువు ఎంతైనా మోయవలసిందే.