గింజ రాలే వేళ గెడ్డ వెంట

ఫిబ్రవరిలో అడ్డతీగల దాటి గెడ్డలోకి దిగితే కాలికి ముందు బురద తగులుతుంది, నీరు ఆ తర్వాత. వానలప్పటి ఒడ్డుకీ ఇప్పటి నీటికీ మధ్య చాలా జాగా బయటపడింది. రెల్లు పని ఎప్పుడో అయిపోయింది. అది దసరా నాటికే పూస్తుంది. 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు దళం అడ్డతీగల ఠాణా మీదికి వచ్చింది కూడా ఆ పూత రోజుల్లోనే.

ఇప్పుడు వంతు జమ్ముది. ఎండిన కండెను బొటనవేలితో గిల్లి చూడండి. అంత గట్టిదీ ఉబ్బుబ్బి, గుప్పిట పట్టనంత దూదవుతుంది. ఒక్క కండెలో గింజలు 2 లక్షల దాకా ఉంటాయి. నూగు పట్టుకుని గాలికి పోయిన కాయ నీటిని తాకగానే పైపొర విచ్చి, గింజ అడుక్కి దిగుతుంది. అది మొలవాలంటే తడీ కావాలి, వెలుతురూ కావాలి. నీరు తీసిన బురదలో రెండూ ఉన్నాయి. అదను చూడ్డంలో జమ్ము రైతుకేం తీసిపోదు.

నీరుగొబ్బి దారి వేరు. ముళ్లు తప్పించుకుని ఒక గింజ తీసి తడి చేస్తే జిగురు ఊరి వేలికి అంటుకుపోతుంది. ఇక గాలితో దానికి పనేముంది? ఒడ్డున ఏరుమద్ది అయిదు రెక్కల కాయలు రాల్చుకుంటుంది, గెడ్డ ఈడ్చుకుపోయినంత దూరం పోతాయి.

కొండచీపురుకి మాత్రం గింజ రాల్చే యోగం తక్కువ. ముదిరితే పూత రాలి చీపురు బోసిపోతుందని ముందే కోసేస్తారు. కట్టలు ఎండాక సంతకో, గిరిజన సహకార సంస్థకో చేరతాయి. పీకకుండా కోస్తే దుబ్బు మళ్లీ చిగురిస్తుంది. పీకేస్తే అటు గింజా లేదు, ఇటు వేరూ లేదు.

ఈ నీళ్లు ఏలేరులో కలిసి ఏలేశ్వరం దగ్గర జలాశయంలో ఆగుతాయి. అక్కణ్ణించి ఒక కాలువ విశాఖ ఉక్కు కర్మాగారానికి, ఇంకో పక్క పిఠాపురం వైపు పొలాలకు. మెట్టలో నీరు కట్టుకునే రైతు దగ్గర జమ్ము అందం గురించి మాట్లాడితే చీవాట్లే. కాలువలో అది పెరిగితే చివరి మడికి నీరందదు. తొలకరికి ముందు దాన్ని కోసి గట్టున పడేస్తారు, కండెలు ముదిరి ఉంటే ఆ గట్టు మీంచే మళ్లీ ఎగురుతాయి.