గుడి కింది నేల

9 ఫిబ్రవరి 2025, ఆదివారం, కౌలాలంపూర్

రాత్రి మహామారియమ్మ గుడి నుంచి తైపూసం వెండిరథం బాతు కేవ్స్ కొండగుడికి కదిలింది. 1873 నాటి గుడి అది. దారి పొడవునా కొబ్బరికాయలు పగులుతూనే ఉన్నాయి. మెట్రో దిగి వచ్చిన కుర్రకారే ఎక్కువ. చదువులూ ఫోన్లూ వచ్చాక భక్తి తగ్గిపోతుందని మా తరం అనుకున్నది ఎంత పొరపాటో!

మా చిన్నప్పుడు రబ్బరు తోటలో తెలుగు కూలీ లైన్లకి శ్రీరామనవమే పెద్ద పండగ. తైపూసం తమిళులది, మేం చూసి వచ్చేవాళ్లం. ఇప్పుడు మా మనవరాలే వ్రతం పట్టింది.

11 ఫిబ్రవరి, మంగళవారం

చీకటితోనే పిల్ల పాలకుండ నెత్తిన పెట్టుకుని 272 మెట్లూ ఎక్కింది. నేను కింద, 140 అడుగుల మురుగన్ పాదాల దగ్గరే కూలబడ్డాను. కావడి ఎత్తినవాళ్లలో చైనావాళ్లూ కనబడ్డారు. తమిళ పెద్ద తంబుసామి పిళ్లై పూనికతో 1892లో ఇక్కడ మొదలైన పండగ. 2020 లెక్కల్లో దేశం మొత్తం మీద హిందువులం నూటికి ఆరుగురమే. అందులో తెలుగువాళ్లం ఇంకెంత? అయినా ఇవాళ ఈ కొండ చుట్టూ మరో ధ్యాస లేదు.

27 మార్చి, గురువారం

మస్జిద్ ఇండియా దగ్గర కొత్త మసీదుకి ప్రధాని శంకుస్థాపన చేశారు. ఆ స్థలంలోని పత్రకాళియమ్మ గుడిని యాభై మీటర్ల అవతలికి మార్చుకోడానికి కమిటీ ఒప్పుకుంది. నూట ముప్పై ఏళ్ల గుడి అంటారు. కింద నేల మాత్రం నగరపాలక సంస్థది. 2014లోనే ఒక బట్టల కంపెనీకి అమ్మేశారు. కొత్త స్థలాన్ని గుడి పేరిట గెజెట్ చేస్తామంటున్నారు. అది జరిగితే నా దృష్టిలో నష్టం కన్నా లాభమే, ఈ మాటకి నా ఈడువాళ్లు నన్ను తిట్టినా సరే.

తోటల్లో గుళ్లూ చాలావరకు ఇలా పరాయి నేల మీద పుట్టినవే. దొర నోటిమాటగా ఓ మూల చూపించేవాడు, కూలీలు చందాలేసుకుని కట్టుకునేవారు. తరవాత తోట అమ్ముడయ్యేది, రబ్బరు పోయి పామాయిల్, అదీ పోయి ఇళ్లు. ఒకనాటి పొద్దున గుడి అక్రమ కట్టడం అయి కూర్చునేది.

30 మార్చి, ఆదివారం, ఉగాది

రేపే రంజాన్ పండగ. పక్కింటి మలయ్ ఆవిడ కెతుపట్ అన్నం ముద్దలు, రెండాంగ్ మాంసం కూర పంపింది. శాకాహారం పూట కదా, రెండాంగ్ ఫ్రిజ్‌లో పెట్టించాను. ఆవిడకి పులిహోర పంపాం. ఉగాది పచ్చడి మాత్రం ఆవిడకి పోయినేడే ఒకసారి చాలింది.

మనవరాలు ఆడిటరు. "తాతా, మన రామాలయానికి గెరాన్ ఉందా?" అంది. పట్టా సంగతి. కమిటీ బీరువా తీయించాను. కుంభాభిషేకం ఫోటోలు, చందా పుస్తకాలు, కరెంటు బిల్లులు. పట్టా లేదు.

గోపురం రంగులకని వసూలైన డబ్బు ముందు సర్వేయరుకీ లాయరుకీ ఇవ్వాలని వచ్చే మీటింగులో పెడతాను. రంగులు మరో ఏడు వేయించుకోవచ్చు.