అలను బట్టి తోక!

ఒకటే దీవి... తీరానికో రకం కెరటం, కెరటానికో రకం బల్ల. హవాయిలోని ఓహూ దీవికి వెళ్లినవాళ్లు సముద్రాన్ని చూస్తారు, సూర్యాస్తమయాన్ని చూస్తారు. సర్ఫ్‌బోర్డుల తోకలు చూసేది కొందరే. అసలు కథంతా అక్కడే ఉంది మరి!

హోనోలులు నగరాన్ని ఆనుకుని ఉన్న వైకీకీ బీచ్‌లో కెరటాలకు తొందరుండదు. మెల్లగా లేస్తాయి, తీరిగ్గా విరుగుతాయి, మనిషిని చాలాదూరం మోసుకొస్తాయి. తొలిపాఠం నేర్చుకునే పిల్లలు కూడా కాసేపటికే బల్ల మీద లేచి నిలబడి కేకలు పెడుతుంటారు. అక్కడ అద్దెకిచ్చే బోర్డులు తొమ్మిది, పది అడుగుల పొడవుంటాయి. వెనక భాగం విశాలంగా, పీటలా ఉంటుంది. అక్కణ్నుంచి కారులో గంటసేపు ప్రయాణించి, అనాసతోటలు దాటి ఉత్తర తీరానికి చేరితే... అక్కడి పెద్ద కెరటాలకు వాడే బోర్డూ పొడుగుదే. కానీ తోక మాత్రం ఈటె మొనలా సన్నగా ఉంటుంది.

ఎందుకా తేడా? నీటి మీద వేగంగా జారే బల్లను ఆ నీరే పైకి తోస్తుంది. తోక ఎంత వెడల్పుంటే అంత ఎక్కువగా తోస్తుంది. బలంలేని అల మీద బోర్డు తేలిగ్గా సాగేది ఆ తోపుడు వల్లే. అదే గోడలా నిటారుగా లేచిన కెరటం మీద ఆ తోపుడే శత్రువు. తోక పైకి లేచి పట్టు తప్పుతుంది. ఇసుక పడ్డ మలుపులో స్కూటర్‌ వెనక చక్రం జారినట్టు బోర్డు పక్కకు కొట్టుకుపోతుంది. సన్నటి తోక అలా కాదు, నీళ్లలోకి కాస్త దిగబడి కెరటాన్ని పట్టుకునే ఉంటుంది. చిన్న అలల్లో మాత్రం ఆ తోకే గుదిబండ!

గొడ్డలితో వచ్చిన మార్పు

ఈ రహస్యాన్ని కనిపెట్టింది ఏ ప్రయోగశాలలోనో కాదు. 1937లో జాన్‌ కెల్లీ, వాలీ ఫ్రోయిసెత్‌, ఫ్రాన్‌ హీత్‌ అనే హోనోలులు కుర్రాళ్లు డైమండ్‌ హెడ్‌ కొండకు అవతల బ్రౌన్స్‌ అనే చోట అలలతో కుస్తీ పడుతున్నారు. అప్పటి బల్లలు బరువైనవి, తోకలు వెడల్పాటివి. అంతకు రెండేళ్ల ముందే టామ్‌ బ్లేక్‌ బోర్డు అడుగున చుక్కానిలాంటి రెక్క బిగించి చూశాడుగానీ అది ఇంకా అందరికీ చేరలేదు. దాంతో పెద్ద కెరటం ఎక్కినప్పుడల్లా వెనకవైపు జారి, కిందపడటమే. విసిగిపోయిన కెల్లీ ఇంటికొచ్చి గొడ్డలి అందుకున్నాడు. తోకను రెండువైపులా చెక్కి సన్నగా చేశారు. అడుగు భాగాన్నీ పడవలా కోసుగా మలిచారు. మళ్లీ నీళ్లలోకి వెళ్తే బోర్డు జారలేదు! ‘హాట్‌ కర్ల్‌’ అని పేరుపడ్డ ఆ బల్లతోనే వాళ్లు పడమటి తీరంలోని మకాహా కెరటాలనూ ఆ తర్వాత ఉత్తర తీరాన్నీ ఎక్కగలిగారు.

అలాగని సముద్రం లొంగిపోలేదు. 1943 డిసెంబరులో వుడీ బ్రౌన్‌, డికీ క్రాస్‌ సన్‌సెట్‌ బీచ్‌ దగ్గర నీళ్లలో ఉండగా కెరటాలు చూస్తుండగానే పెరిగిపోయాయి. ఒడ్డుకొచ్చే దారి మూసుకుపోయింది. లోతు ఎక్కువ కాబట్టి వైమియా అఖాతంలోనైనా బయటపడొచ్చని ఇద్దరూ అటు సాగారు. అక్కడా అంతే. బ్రౌన్‌ కొనఊపిరితో ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. టీనేజీ కుర్రాడు క్రాస్‌ మళ్లీ కనిపించలేదు. ఆ భయం ఎంతగా పట్టుకుందంటే, 1957 నవంబరులో గ్రెగ్‌ నోల్‌ బృందం దిగేదాకా వైమియా పెద్ద కెరటాల జోలికి ఎవరూ పోలేదు.

ఆ అఖాతానికి కాపలాదారుగా పేరుపడ్డవాడు ఎడ్డీ ఐకావ్‌. 1968లో అక్కడ లైఫ్‌గార్డుగా చేరి ఎందరినో కాపాడాడు. 1978లో హోకులేయా అనే తెరచాప పడవ తిరగబడితే, సాయం తెస్తానంటూ సర్ఫ్‌బోర్డు మీదే లనాయి దీవివైపు వెళ్లాడు. పడవలోని మిగతావాళ్లను రక్షించారు. ఎడ్డీ మాత్రం తిరిగిరాలేదు. అతని పేరుతో వైమియాలో జరిగే పోటీకి కెరటం ముఖం దాదాపు నలభై అడుగులు ఉండాలి. అందుకే అది ఏటా జరగదు. 2016 తర్వాత మళ్లీ జరిగింది 2023లోనే. ఆసారి గెలిచిన లూక్‌ షెపర్డ్‌సన్‌ ఆరోజు అదే ఒడ్డున డ్యూటీలో ఉన్న లైఫ్‌గార్డు. విరామం దొరికినప్పుడల్లా వెళ్లి పోటీలో పాల్గొన్నాడు!

మూడు రెక్కల మలుపు

వైమియాకు కాస్త దూరంలోనే పైప్‌లైన్‌. లావా రాతి దిబ్బ మీద, తక్కువ లోతులో కెరటం గొట్టంలా చుట్టుకుంటుంది. ఒడ్డుకు ఎంత దగ్గరంటే, ఇసుకలో కూర్చున్నవాళ్లకు సర్ఫర్‌ ముఖం కూడా కనిపిస్తుంది. ఇక్కడ పట్టు తప్పితే పడేది రాళ్ల మీదే. కాబట్టి మొన తోక లేదా గుండ్రంగా కోసుదేరిన తోకదే రాజ్యం.

ఆ లెక్కను కదిలించినవాడు ఆస్ట్రేలియాకు చెందిన సైమన్‌ ఆండర్సన్‌. కొస చదునుగా, మూలలు గుండ్రంగా ఉండే వెడల్పాటి తోక చిన్న అలల్లో చురుగ్గా తిరుగుతుంది, పెద్దవాటిలో జారుతుంది. ఆ తోక కింద అతను మూడు రెక్కలు బిగించాడు. 1981లో అదే పద్ధతి బోర్డులతో బెల్స్‌ బీచ్‌లో గెలిచాడు, అదే ఏడాది పైప్‌లైన్‌లోనూ గెలిచాడు. తోక ఇవ్వలేని పట్టును రెక్కలు ఇచ్చాయన్నమాట. ఇప్పుడు ఎక్కడ చూసినా మూడు రెక్కల బోర్డులే.

చేప తోకలా చీలిన రకం ఇంకా తమాషాగా ఉంటుంది. 1967లో శాన్‌డియేగో కుర్రాడు స్టీవ్‌ లిస్‌ మోకాళ్ల మీద కూర్చుని నడిపేందుకు చేసుకున్న పొట్టి బోర్డు అది. వెడల్పు వల్ల వేగం, చీలిన రెండు మొనల వల్ల పట్టు. మధ్యస్థంగా ఉండే అలలకు చక్కగా సరిపోతుంది. వజ్రం ఆకారమనీ గబ్బిలం రెక్కలనీ ఇంకా చాలా ఉన్నాయిగానీ వాటిలో కొన్ని సొగసు కోసమే అనిపిస్తాయి.

ఎప్పుడు వెళ్లాలి?

ఉత్తర పసిఫిక్‌లో తుపాన్లు రేగే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉత్తర తీరంలో కెరటాల జాతర. వేసవిలో అదే సముద్రం చాలారోజులు చెరువులా ఉంటుంది. అప్పుడు దక్షిణార్ధగోళంలోని తుపాన్ల పుణ్యమా అని వైకీకీలో అలలు కాస్త పుంజుకుంటాయి. అన్నట్టు, అక్కడివాళ్లు పదడుగుల అల అంటే ఇరవై అడుగులని అర్థం చేసుకోవాలి. కెరటం ముఖంలో ఇంచుమించు సగమే లెక్కవేయడం వారి అలవాటు!

చలికాలంలో చూడ్డానికి వెళ్తే ఇసుకలో బాగా వెనకే కూర్చోవాలి. తడి ఇసుక దాకా వెళ్లి ఫొటోలు దిగేవాళ్లను కూడా కెరటం లాక్కెళ్లిపోతుంది. లైఫ్‌గార్డులు ఎర్రజెండా పాతిన చోట కాళ్లు తడుపుకోవడమూ ప్రమాదమే. ఎహుకాయి బీచ్‌ పార్కు నుంచి పైప్‌లైన్‌ను చూడ్డానికి పైసా ఖర్చుండదు. తిరుగు ప్రయాణంలో హలేయివా ఊళ్లో ఆగితే 1951 నుంచీ ఉన్న మత్సుమోతో దుకాణంలో రంగురంగుల ఐసు తురుము దొరుకుతుంది. బాగా జనం ఉంటారు, కాస్త ముందుగా వెళ్లడం మంచిది.