మాధవధార మార్గానికి ఒక సంకల్పం

ఏ వైదిక కర్మకైనా సంకల్పంతోనే ఆరంభం. ఆ సంకల్పంలో కర్త తన కోరికను చివరన చెబుతాడు. అంతకు ముందు తాను ఏ ద్వీపంలో, ఏ వర్షంలో, ఏ నదుల నడుమ నిలిచి ఉన్నాడో చెప్పుకుంటాడు, ఏ సంవత్సరం, ఏ అయనం, ఏ ఋతువు, ఏ మాసం, ఏ తిథి నడుస్తున్నదో చెప్పుకుంటాడు, ఆపైన గోత్రనామాలు. దేశం, కాలం, కర్త అనే మూడింటి ఎరుక కలిగిన తరువాతనే ‘కరిష్యే’ అనే అధికారం. పురోహితుడు వేగంగా చదువుతుంటే చాలామంది దీనిని ఉపోద్ఘాతంగా భావించి, ఉద్ధరిణితో నీరు వదిలే క్షణం కోసం ఎదురుచూస్తారు.

యానాంలో గౌతమీ తీరాన నివసించే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఆయన సహధర్మచారిణి సింహాచల యాత్రకు చేసుకుంటున్న సన్నాహాన్ని గమనిస్తే ఆ ఉపోద్ఘాతంలోనే కర్మ సారం చాలావరకు ఉన్నదని తెలుస్తుంది. రెండేళ్ళ క్రితం ఆమె ఆసుపత్రిలో ఉన్న రాత్రి ఆయన మనసులో ఒక మొక్కు మొక్కుకున్నారు. ఆమె కోలుకుంటే కాలినడకన కొండ ఎక్కి సింహాద్రి అప్పన్నను దర్శించుకుంటానని. ఆమె కోలుకున్నది. మొక్కు మిగిలింది. ఎక్కవలసింది అందరూ ఎక్కే మెట్లదారి కాదు, చిన్ననాడు తండ్రి వెంట నడిచిన మాధవధార దారి అని ఆయన పట్టుదల.

దేశం సంగతి ముందు. విశాఖపట్నంలో మాధవస్వామి కోవెల, జలధార ఉన్న చోటు మాధవధార. అక్కడి నుంచి పాతకాలపు మెట్లు అడవిలోగుండా కొండను దాటించి ఆవలి వైపు సింహాచల క్షేత్రానికి చేరుస్తాయి. దేవాలయం సముద్రమట్టానికి సుమారు 800 అడుగుల ఎత్తున ఉన్నది. తూర్పు కనుమల కొస సముద్రానికి ఇంత చేరువగా వచ్చిన చోటు కనుక చెట్ల నడుమ ఎండతోపాటు ఉప్పుగాలి ఉక్క కూడా ఉంటుంది. పైకి చేరాక ఒకవైపు నగరం, దాని అంచున సముద్రం. మరొకవైపు సంపెంగలకు, పనసకు, అనాసకు పేరుపడిన స్వామివారి కొండ. కొండలు ఎక్కే అలవాటున్న వారికి ఇది ఒక పూట పని కావచ్చు. యానాం వారికి కాదు. ఏటిగట్టు, ఎదుర్లంక వారధి తప్ప అక్కడ ఎక్కడానికి మిట్ట అనేదే లేదు. ఉత్తరాన కోరంగి మడ అడవి ఉన్నది, కాని అది అలల ఎత్తున పెరిగే అడవి. దాని నేల కూడా నీటిమట్టమే.

అరుంధతిని చూపేవాడు ముందు పక్కనున్న పెద్ద నక్షత్రాన్ని చూపి, అక్కడి నుంచి చూపును సూక్ష్మానికి నడిపిస్తాడు. దీనిని స్థూలారుంధతీ న్యాయమంటారు. దంపతుల అభ్యాసం ఆ క్రమంలోనే సాగుతున్నది. కార్తికంలో ఏటిగట్టు మీద నడక, మార్గశిరంలో వారధి ఈ కొస నుంచి ఆ కొసకు రెండు సార్లు, ఇప్పుడు పుష్యంలో భుజాన నీళ్ళ సంచితో ఒక మూడంతస్తుల మేడ మెట్లు. తరువాత ఒక ఆదివారం అన్నవరం వెళ్ళి రత్నగిరి మెట్లు ఎక్కి చూస్తారు.

చిక్కు కర్త దగ్గర వచ్చింది. ఆయనకు పదేళ్ళుగా మధుమేహం. అరికాళ్ళలో స్పర్శ కొంత తగ్గింది. ముల్లు గుచ్చుకున్నా వెంటనే తెలియదు. అయినా మొక్కు కనుక చెప్పులు లేకుండా, ఉపవాసంతో ఎక్కాలని నిశ్చయించుకున్నారు. వైద్యుడు రెండూ కూడదన్నాడు. దేవుడి పనికి శరీరాన్ని లెక్కచేయడమా అని ఆయన తర్కం. వివేకచూడామణిలో తితిక్షకు చెప్పిన లక్షణాన్ని ఆధారంగా చూపారు: దుఃఖాలను ప్రతీకారం చేయక, చింత లేక, విలపించక సహించడం.

ఈ వ్యాఖ్యానం చాలామంది భక్తులలో ఉన్నదే, అందుకే పరిశీలించదగినది. తితిక్ష వచ్చిపడిన దుఃఖానికి సంబంధించిన గుణం. కోరి తెచ్చుకున్న దుఃఖానికి గీత వేరే స్థానం ఇచ్చింది. పదిహేడవ అధ్యాయంలో శాస్త్రవిహితం కాని ఘోరతపస్సులతో శరీరంలోని భూతసముదాయాన్ని కృశింపజేసేవారిని, లోపలనున్న తనను కూడా బాధించేవారిగా భగవానుడు చెప్పి, వారి నిశ్చయాన్ని ఆసురమన్నాడు. ఆరవ అధ్యాయంలో అతిగా తినేవానికే కాదు, బొత్తిగా తిననివానికి కూడా యోగం లేదన్నాడు. దారిలో వాన వస్తే తడవడం తితిక్ష. నీళ్ళసీసా ఇంట మరచి దాహాన్ని ఓర్చుకోవడం తితిక్ష కాదు.

మొక్కు సంగతిని మాత్రం ఆమె తేల్చింది. “మీరు ఆ రాత్రి ఏమని మొక్కుకున్నారో ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్పండి” అని అడిగింది. కాలినడకన వస్తానని, అన్నారాయన. “మరి చెప్పులు లేకుండా అని, ఏమీ తినకుండా అని స్వామితో అనలేదు కదండీ!” అన్నది.

మీమాంసకులు చూసే చూపు ఇదే. నిత్యకర్మలో అంగాలను యథాశక్తిగా చేసినా చెల్లుతుంది. కామ్యకర్మలో సర్వాంగాలూ జరగవలసిందేనని వారి నిర్ణయం. మొక్కు కామ్యం వంటిది కనుక సడలింపు అడగడానికి లేదు. అయితే విధిలో లేని దానిని అంగమని చేర్చడానికి కూడా లేదు. నడక అంగం. దానిని వదలి బస్సెక్కితే మొక్కు తీరదు. పాదరక్షలు లేకపోవడం ఆయన తరువాత తగిలించుకున్నది. ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడవనాడు కాకినాడ వెళ్ళి మందపాటి అడుగున్న బూట్లు, నూలు మేజోళ్ళు కొనుక్కొచ్చారు. వాటిని ఇప్పటి నుంచే తొడుక్కుని నడుస్తున్నారు, కొత్త బూటు కొండ మీద కరవకుండా.

ఇక కాలం. చొల్లంగి అమావాస్య స్నానం ముగిసి మాఘం ప్రవేశించాక ఒక పనిదినం. తుపానులు వెనుకబడి, ఎండ ముదరని వేళ. ముందురోజు సామర్లకోటలో రైలెక్కి విశాఖలో బంధువుల ఇంట బస. తెల్లవారగానే నడక మొదలు. ఆ దారి తెలిసిన మేనల్లుడు తోడు. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ, పులిహోర, ఆయన జేబులో చక్కెర బిళ్ళలు. దారి ఇప్పుడు తెరిచే ఉన్నదో లేదో మేనల్లుడు ముందుగా కనుక్కోవాలి.

ఒక్క విషయం ఇంకా తెగలేదు. పది గంటలకల్లా కొండ నడినెత్తికి చేరకపోయినా, ఎవరికైనా కళ్ళు తిరిగినా వెనుదిరగాలని ఆమె అంటున్నది. దిగి, ఘాట్ రోడ్డు బస్సులో వెళ్ళి దర్శనం చేసుకుని, మొక్కు మరో ఏడాదికి ఉంచుకోవచ్చునని. ఆయన సరే అన్నారు, కాని కాగితం మీద ఆ గంట రాయలేదు. రాయనిదే రైలు టిక్కెట్లు తీయనివ్వనని ఆమె పట్టుబట్టింది. కాగితం దేవుడి గూట్లో పంచాంగం కింద ఉన్నది.